పిల్లల నడక చొప్పున



బరంపురము, ఛత్రపురము ప్రాంతములలో కాపురమున్న మన తెలుగు కుటుంబములలో ఒకప్పుడు సైకిలు ఉండుటయే గొప్ప. నేడు అనేక గృహములలో కారు ఉన్నది. కుమారునికో, కుమార్తెకో, కోడలికో దానిని నేర్పు పని పెద్దల మీద పడుచున్నది. ఇది కేవలము లోకసంబంధమైన పని యని అనుకొనరాదు. బండి తాళము చేతికిచ్చుట యనగా వీధిలో పోవువారి ప్రాణములను ఆ చేతికప్పగించుటయే.

ఆదికాండము 33వ అధ్యాయములో ఏశావు తనతో కలిసి రమ్మని యాకోబును పిలిచెను. యాకోబు తొందరపడలేదు. తన వెంట చిన్నబిడ్డలున్నారు, పిల్లలకు పాలు కుడుపు పశువులున్నవి. వాటి నడక ఎంతో తన నడకయు అంతే యనెను. బలవంతుని వేగమును కాక బలహీనుని వేగమును కొలతగా పెట్టుకొనెను.

బండి నేర్పువారికి ఇదియే పాఠము. మొదట తెల్లవారుజామున ఖాళీ మైదానములో బ్రేకు, క్లచ్చి, అద్దములు చూచుట నేర్పవలెను. పిమ్మట రద్దీలేని వీధి. 16వ నంబరు జాతీయ రహదారి అన్నిటికంటె చివర. ప్రక్కన కూర్చుండి కేకలు వేసినచో నేర్చుకొనువారి కన్ను రోడ్డును విడిచి మన ముఖము మీదికి వచ్చును. ప్రమాదము అక్కడనే పుట్టును.

చట్టమును మరువరాదు. కారు నడుపుటకు 18 ఏండ్లు నిండవలెను. లెర్నర్ లైసెన్సు గలవారి ప్రక్కన, పూర్తి లైసెన్సు గలవారు బండిని ఆపగలిగినట్లు కూర్చుండవలెను. బండికి ముందు వెనుకల ఎర్రని 'ఎల్' అక్షరముండవలెను. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము మైనరు బండి నడిపి నేరము చేసినచో, సంరక్షకునికి లేక బండి యజమానికి 3 సంవత్సరముల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. పిల్లవాడు ముచ్చటపడుచున్నాడని తాళమిచ్చుట ప్రేమ కాదు.

తప్తపాణి ఘాటు వంటి ఇరుకు కొండదారిలో, దిగి వచ్చు బండి ఆగి ఎక్కు బండికి దారియ్యవలెను. సుళువుగా సాగువాడు కష్టపడి ఎక్కువానికి చోటిచ్చుట ఎంత చక్కని నియమము!

ఇక బండి నిలుపుట. నడుచు బండి మన అవసరము తీర్చును. నిలిచిన బండి పొరుగువాని దారిలో నుండును. గనుక నిలుపుట నేర్పనిదే నేర్పుట పూర్తికాదు. హ్యాండు బ్రేకు వేయవలెను. పల్లమునకు ముఖము పెట్టి నిలిపినచో రివర్సు గేరులో ఉంచి, చక్రములను రోడ్డు అంచువైపు త్రిప్పవలెను. డ్రైవరు తన కుడి తలుపును ఎడమ చేతితో తెరచినచో దేహము తనంతట వెనుకకు తిరుగును. వెనుక వచ్చు సైకిలువాడు కనబడును.

ఆదివారము ఆలస్యమైనదని ఎదురింటి గేటుకు అడ్డముగా కారు పెట్టి లోనికి వచ్చి, పొరుగువానిని ప్రేమించుటను గూర్చిన ప్రసంగము వినుట ఎట్లు? ఆ ఇంట నొప్పులు పడుచున్న తల్లి యుండవచ్చును. ఆమెను వెంటనే ఎం.కె.సి.జి. ఆసుపత్రికి చేర్చవలసి యుండవచ్చును. మన పాట ఆమెకు వినబడును గాని మన కారు ఆమెకు దారి ఇయ్యదు.

రెండవ రాజుల గ్రంథము 9వ అధ్యాయములో కావలివాడు దూరమునుండియే, రథము తోలు తీరును బట్టి యెహూను గుర్తుపట్టెను. మన ఇరుగుపొరుగువారును మనలను ఆలాగే గుర్తుపట్టుదురు. మన బిడ్డలు బండి తోలు తీరునందును, నిలుపు తీరునందును క్రీస్తు సాత్వికము కనబడునట్లు నేర్పు ఓర్పును ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.