ఆకలి పుట్టించు విద్య

పదునాఱు పదునేడేండ్ల ప్రాయముగల బిడ్డ తాను కొన్ని నెలలు ఇల్లు విడిచి బొమ్మలు వేయు బడిలో నుండి వచ్చెదనని యడిగినచో, మన యిండ్లలో మొదట వినబడు మాట "అది అన్నము పెట్టునా?" అనునదే. ఈ ప్రశ్నమునకు మేమెన్నియో మారులు ప్రత్యుత్తరము చెప్పియున్నాము. చెప్పి చెప్పి విసిగియు నున్నాము. అన్నము పెట్టునని పేరుబడిన విద్య లెందఱికి అన్నము పెట్టుచున్నవో లెక్కచూచినవారికి ఆ ప్రశ్నము బలమెంతయో తెలియును. కాని క్రిందటేడు మా మేనకోడలు మమ్మడిగిన ప్రశ్నము వేఱు. ఆమె కూతురు మన దేశముననే యొకచోట నడచు నాలుగు నెలల కళాశిక్షణాలయమునకు పోగోరినది. తల్లి వలదనలేదు. "మామయ్యగారూ, నాలుగు నెలలు వాళ్లు దానికి ఆకలి పుట్టిస్తారు. తరువాత నా యింటికి పంపిస్తారు. ఆ ఆకలికి నేనేమి పెట్టను?" అని మాత్రమడిగినది. మేము తడుముకొంటిమి. ఆ రాత్రి నిద్రయు సరిగా పట్టలేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్నమునకు మేము ఆలస్యముగా వెదకికొన్న సమాధానము; అదియు పూర్తి సమాధానమని చెప్పజాలము.

ఇట్టి విద్యాలయముల తీరెఱుగని పాఠకులుందురు గనుక ఒకదానిని గూర్చి చెప్పుదుము. అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములో నాపా యను పట్టణము గలదు. అచట 1999లో ఆక్స్‌బో యను పేర నొక కళాపాఠశాల వెలసినది. ఆన్ హాచ్ అను నామెయు, ద్రాక్షసారాయ వర్తకమున ప్రసిద్ధుడైన రాబర్ట్ మోండావియు, ఆయన భార్య మార్గ్రిట్టును దానిని స్థాపించినవారు. (మద్యపాననిషేధమున గట్టిపట్టుగల మా మిత్రులొకరు ఈ వాక్యము విని ముఖము చిట్లించిరి. సారాయ సొమ్ము చదువుకు చేరుట, చదువు సొమ్ము సారాయకు చేరుటకంటె మేలుగదా యని మేమంటిమి, ఆయన నవ్వలేదు.) ఉన్నత పాఠశాలలో చివరి రెండేండ్ల తరగతుల పిల్లలు తమ యూరి బడిని ఒక్క అర్ధవత్సరము విడిచి, అచట నది యొడ్డున కలిసి నివసించి, చిత్రలేఖనము, శిల్పము, అచ్చుబొమ్మలు, ఛాయాచిత్రములు మొదలగునవి అభ్యసించి, మరల తమ బడికి పోవునట్లు దాని నేర్పరచిరి. ఒక్కమాఱు చేరువారు సుమారు 48 మంది. తుది వారములలో ప్రతి విద్యార్థియు తన్ను వేధించు ప్రశ్నము నొకదానిని ఎత్తుకొని, దానిని గూర్చి చదివి, వ్రాసి, ఆ విచారణ నుండి పుట్టిన వస్తువును నలుగురి యెదుట నిలుపవలెను.

ఇట్టి చోట్ల పిల్లలకు కలుగు మొదటి దెబ్బ సామాన్యముగా ఇంటిమీది బెంగ కాదు. చేసిన పనిని గోడకు తగిలించి, తోడివారందఱును దానియెదుట కూర్చుండి తమకు కనబడినదానిని పైకి చెప్పు పద్ధతి యొకటి కళాశాలలలో గలదు. పెక్కుచోట్ల వేసినవారు అంతవఱకు నోరు మెదపక వినవలెను. పరీక్షలో నూటికి 40 వచ్చినచో ఆ కాగితమును మడచి పుస్తకములో దాచుకొనవచ్చును. గోడమీది బొమ్మను దాచుకొనుట యెట్లు? పైగా అందు తప్పు చూపినవానితోనే సాయంకాలము భోజనము చేయవలెను, రాత్రి ఒక్క కప్పు క్రిందనే నిద్రించవలెను. పగటి బడిలో విమర్శ గంట కొట్టగానే ముగియును. కలిసి నివసించు బడిలో అది కూడ పళ్లెమువద్దకు వచ్చి కూర్చుండును. మూడవ వారమునాటికి పిల్లలు రెండు తెగలగుదురు: ఇతరులు మెచ్చునదే చేయువారు, తమకు నిజముగా కనబడినది చేయువారు. ఒక్క బిడ్డయే ఒకనాడీ తెగలోను, మఱునాడా తెగలోను ఉండుట కలదు. చిత్రకళ పేర జరుగు ఈ పని నిజమునకు నీతివిద్య యని మా యభిప్రాయము.

బిడ్డను దూరముగా నుంచుట తగదనువారికి మేమొక్కటే చెప్పుదుము. మన తెలుగునాట ఇంటరు చదువుకొఱకు బిడ్డలను రెండేసి యేండ్లు వసతిగృహములలో నుంచి, తెల్లవారకముందు లేపి, రాత్రి ప్రొద్దుపోవువఱకు లెక్కలు చేయించుటకు మనము సందేహించుట లేదు. అప్పుచేసియైనను పంపుచున్నాము. ఆదివారమున చూడవచ్చిన తండ్రి "ర్యాంకెంత?" అని యడిగి, పచ్చడి సీసా చేతికిచ్చి బస్సెక్కును. కావున మనకు ఎడబాటు కష్టము కాదు. ఎడబాటునకు ప్రతిఫలముగా అంకె యొకటి రాకపోవుటయే కష్టము. ఇంతకంటె దీనిని గూర్చి పెంచి వ్రాయనక్కఱలేదు.

మా మేనకోడలి ప్రశ్న మట్లు తేలిపోవునది కాదు. ఆకలి పుట్టించి అన్నము పెట్టకపోవుట కళాశాలల చరిత్రలో లేని దోషము కాదు. జర్మనీ దేశమున వైమారు నగరములో 1919లో వాల్టర్ గ్రోపియస్ బౌహౌస్ అను విద్యాలయమును స్థాపించెను. అచట చేరినవారందఱును మొదట ఆఱు నెలలు ఒక ప్రాథమిక శిక్షణము పొందవలెను. దానిని నడపిన యోహానెస్ ఇట్టెన్ పాఠమునకు ముందు పిల్లలచేత ఊపిరి తీయుటయందును, దేహము కదల్చుటయందును అభ్యాసము చేయించెడివాడు. కొయ్య, ఈక, గాజు, గోనె మొదలగువాని స్వభావమును చేతితో తడవి తెలిసికొనుమనెడివాడు. ఆ యర్ధవత్సరము గడచి, తగినవారని తేలినవారికే కార్ఖానాలలో ప్రవేశము. ఇట్టెన్ మొదలగువారి చిత్రములు 1922 డిసెంబరులో కలకత్తాకు వచ్చి, అవనీంద్రనాథ, గగనేంద్రనాథ ఠాకూరుల చిత్రములతో గూడ ప్రదర్శింపబడినవి గనుక ఈ కథ మనకు పూర్తిగా పరాయిది గాదు.

గ్రోపియస్ ఆరంభమున స్త్రీపురుషులకు భేదము లేదని ప్రకటించెను. ఆ మాట నమ్మి స్త్రీలు విరివిగా చేరిరి. చేరినపిదప ఏమైనది? 1920 నుండియే వారి సంఖ్యను తగ్గింపజూచిరి. ప్రాథమిక శిక్షణము ముగించినవారిని చాలవఱకు మగ్గముల గదికి మరలించిరి. 1922లో చేరిన ఆనీ ఆల్బర్స్ గాజుపని నేర్వగోరి మగ్గమువద్దకు పోవలసివచ్చెను. కొయ్యను, లోహమును, గాజును ఆఱు నెలలు చేతులతో తడవి చూడుమని చెప్పి, ఏడవ నెలలో "నీవు నూలు పట్టుము" అనుట యెట్టి న్యాయము? గుంటా ష్టోల్జ్ల్ ఆ మగ్గముల గదికే 1927లో అధిపతి యయ్యెను. ఆనీ ఆల్బర్స్ 1949లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాలలో తన నేతపనులను మాత్రమే ప్రదర్శించు గౌరవము పొందెను. నేతపని చేయువారికి అచట అట్టి గౌరవము అదియే మొదటిది. కావున త్రోసివేయుట మేలే యైనదని వాదించువారు గలరు. బండమీద మఱ్ఱి మొలచినదని బండను పొగడుదుమా? మొలవక యెండినవాని పేర్లు ఏ గ్రంథమునను లేవు.

ఇచట మేమొక సులభమైన సమాధానమువలన మోసపోయి యుంటిమి. చూపు నేర్చినవానికి ఎచటనైనను చూడవలసినది కలదు, పెద్ద కిటికీలును కొలుములును ఎందులకని వ్రాయబోతిమి. ఒక పుట వ్రాసి చింపివేసితిమి. తెల్లవారి నాలుగింటికి లేచి, పాలు కాచి, టిఫిను డబ్బాలు కట్టి, బట్టలుతికి, మధ్యాహ్నము మరల పొయ్యి ముట్టించు స్త్రీకి చూపు కొఱవడుట లేదు. నిలుచుండి చూచు ఘడియ కొఱవడుచున్నది. ఆ ఘడియ ఆకాశము నుండి ఊడిపడదు. ఇంటిలో మఱియొకరు దానిని విడిచి యియ్యవలెను. బడి పుట్టించిన యాకలికి ఇల్లు పెట్టవలసిన యన్నమిదియే గాని రంగుల డబ్బాలు కావు. అది రంగుల డబ్బాలకంటె ఖరీదైనది. అందువలననే తండ్రులు రంగులు కొని యిత్తురు.

బిడ్డయు ఇంటికి ఋణపడి యుండును. అమెరికాలో నార్త్ కారొలైనా కొండలలో 1933లో స్థాపింపబడి 1957లో మూతబడిన బ్లాక్ మౌంటెన్ కాలేజీయందు గురువులును శిష్యులును కలిసి నివసించి, పొలము పని, వంటింటి పని పంచుకొనిరి. 1940, 41 సంవత్సరములలో ఈడెన్ సరస్సు నొడ్డున తమ చదువుల భవనమును చాలవఱకు తమ చేతులతోనే కట్టుకొనిరి. జర్మనీలో నాజీల యొత్తిడికి బౌహౌస్ మూతబడిన యేడే ఆల్బర్స్ దంపతులు అచటికి వచ్చి చేరియుండిరి. 1948 వేసవిలో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ కిటికీ తెరలకు వాడు పలుచని పట్టీలతో పెద్ద గోపురమొకటి లేపబూనగా, శిష్యులందఱును చేయివేసినను అది లేవక నేలమీదనే పరుండినది. పదిమందిలో ఓడిపోయి, పిదప అందఱితో గలిసి భోజనమునకు పోవుట యెట్లో ఆ పిల్లలు నేర్చియుందురు. మన బందరులో 1910లో స్థాపించిన ఆంధ్రజాతీయ కళాశాలయు చేతిపనిని చదువునుండి వేఱుచేయరాదను తలంపుతో పుట్టినదే. బంగాళమునుండి వచ్చిన ప్రమోదకుమార చటర్జీగారియొద్ద అడివి బాపిరాజుగారు చిత్రలేఖన మభ్యసించినది అచటనే.

మా మేనకోడలి కూతురు పోయినది, వచ్చినది. వచ్చిన నెలదినములు ఆ యింటిలో శాంతి లేదు. పిల్ల పలుకదు, అన్నము దగ్గఱ గోడవంక చూచును, కళాశాలలో నొక ఉపాధ్యాయుడు ఆమె ప్రయోగముల పుస్తకమునందలి బొమ్మలను చూచి తరగతిలో హేళన చేసెనని యేడ్చినది. "నేను ముందే చెప్పితిని గదా మామయ్యగారూ" అని తల్లి మాకు కబురంపినది. మేము పోయి కూర్చుండి, ఇరువురిని మందలించి, ఎవరికిని మేలు చేయక వచ్చితిమి.

పిదప ధనుర్మాసము వచ్చినది. ఒకనాటి వేకువను తల్లి వాకిట పదునైదు చుక్కలు పెట్టి, సందుచుక్కలతో ఎనిమిదింటి వఱకు దింపి, మెలికలు చుట్టుచుండగా కూతురు గడపమీద కూర్చుండి చాలసేపు చూచి, "అమ్మా, కొలత లేకుండా చుక్కకూ చుక్కకూ ఎడము ఒక్కలాగే ఎలా పెడుతున్నావు?" అని యడిగినదట. తల్లి పిండిగిన్నె చేతబట్టుకొని నిలుచుండిపోయినది. ముప్పదియేండ్లుగా ఆమె ముగ్గు త్రొక్కి పోయినవారే గాని, ఆ ప్రశ్న మడిగినవారు లేరు. "వ్రేళ్లకు తెలుసే" అని మాత్రమనగలిగినదట. ఈ ముక్క మాతో చెప్పునప్పు డామె గొంతు పట్టుకొన్నది. ఆమె యింటిలో ఆకలి క్రొత్తగా వచ్చినది కాదని మాకప్పుడు తోచినది. కూతురు బడిలో నేర్చి వచ్చిన మాటలలో తల్లి ఆకలికిని పేరొకటి దొరకినది.

ఇప్పుడు ఉదయపు కాఫీ తండ్రి కాచుచున్నాడు. మొదటి వారము పాలు పొంగించి పొయ్యి పాడుచేసెను, ఇప్పుడు ఫరవాలేదు. పెరటి వసారాలో గోడ యొకటి సున్నము వేసి విడిచినారు. దానిమీద కూతురు బొగ్గుతో గీయుచున్నది. ఒక మూలను పిండితో గాక సుద్దతో మెలికల ముగ్గు కనబడినది, అదెవరిదని మేమడుగలేదు. మొన్న మేము లేచి వచ్చునపుడు మా మేనకోడలు వీధిగుమ్మము వఱకు సాగనంపి, ఆ నాలుగు నెలల బడిలో నలువదియైదేండ్లవారిని చేర్చుకొందురా యని అడిగినది. నవ్వుచు నడిగినది గాని, పరిహాసమని మాకు తోచలేదు. ఉత్తరము వ్రాసితిమి, ప్రత్యుత్తర మింకను రాలేదు.