ఇంజిన్ ఆగినప్పుడు ఎక్కడ దిగాలి?

ఆకాశంలో ఇంజిన్లు ఆగిపోతే విమానం రాయిలా పడిపోదు. ఎత్తు తగ్గుతూ కొంత దూరం జారుతూ పోతుంది. ఆ దూరంలోనే దిగేచోటు ఎంచుకోవాలి.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో ఇదే జరిగింది. లాగార్డియా నుంచి లేచిన విమానానికి పక్షుల గుంపు తగిలి రెండు ఇంజిన్లూ పనిచేయకుండా పోయాయి. లోపల 155 మంది. వెనక్కి తిరిగితే బయల్దేరిన రన్‌వే ఉంది. మనసు అటే లాగుతుంది, తెలిసిన చోటు కదా! కానీ కెప్టెన్ సల్లెన్‌బర్గర్ మిగిలిన ఎత్తు చూశారు, కింద కిక్కిరిసిన నగరం చూశారు. రన్‌వే అందకపోతే లోపలివాళ్లే కాదు, కిందివాళ్లూ పోతారు. హడ్సన్ నదిలో దించారు. విమానం కొంతవరకు మునిగింది, 155 మందీ బతికారు.

సమ్యక్ స్మృతి అంటే ఈ ఎరుకే. కోరుకున్నదాన్ని కాదు, ఉన్నదాన్ని చూడటం. పట్టుకోవాల్సింది ప్రాణాల్ని, వస్తువుని కాదు.

మరి మన ఇళ్లలో? 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞలు చేయించారు. మనమూ చేశాం. అయినా బిడ్డకు జబ్బు చేస్తే మొక్కులకీ తాయెత్తులకీ పరుగెత్తుతున్నామా, లేదా? అది పాత రన్‌వే. తెలిసిందే గానీ కాపాడదు. అందుబాటులో డాక్టరున్నాడు, తోడొచ్చే మనవాళ్లున్నారు. పైగా మన నిర్ణయం కింద ఎవరున్నారో చూడండి: ఆ అప్పు తీర్చేది ఇంటి ఆడవాళ్లు, ఆ భయం నేర్చుకునేది పిల్లలు.

ఆపద వచ్చాక ఆలోచిద్దామంటే టైం ఉండదు. ఇవాళే ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోండి.

నమో బుద్ధాయ. జై భీమ్.