మిరుగం నాటి చేపల పులుసు

జూన్ 8 వచ్చిందంటే మంచిర్యాలలో చేపలు అమ్మేచోట కాలు పెట్టేందుకు సందుండదు. మిరుగం, అంటే మృగశిర కార్తె, మొదలైంది మరి! తొట్టిలో ఎగిరిపడే కొర్రమట్టను చూపించి తూకం వేయమనేవాళ్లు కొందరు, రవ్వ, బొచ్చెలతో సరిపెట్టుకునేవాళ్లు కొందరు. చేప ముట్టనివాళ్లు ఇంగువను బెల్లంతో కలిపి ఉండ చేసి మింగుతారు. చినుకులకు ఒళ్లు చల్లబడే రోజుల్లో ఇవి వేడినిస్తాయని పెద్దల మాట. వైద్యుల రుజువు సంగతి అటుంచితే, పులుసు రుచికి రుజువక్కర్లేదు.

సూర్యుడు మృగశిర నక్షత్రంలో ఉండే సుమారు 14 రోజులే ఈ కార్తె. ఆ నక్షత్రానికి అధిదేవత సోముడు, అంటే చంద్రుడు. ఓషధులకు ఆయనే రాజు. రోళ్లు పగిలే రోహిణి ఎండల తర్వాత చల్లని దేవుడి వంతు రావడం బాగానే అమరింది.

తమాషా ఏమిటంటే, కార్తె నడిచేటప్పుడు ఆ చుక్కలు కనబడవు. సూర్యుడి వెలుగులో మునిగి ఉంటాయి. రాత్రంతా చూడాలంటే మార్గశిర పున్నమి దాకా ఆగాల్సిందే. అప్పుడు నిండు చంద్రుడు వాటి దగ్గరే ఉంటాడు.

విత్తే వేళ కోసం పత్తి రైతు మాత్రం చుక్కను కాదు, మట్టిని చూస్తాడు. పదును తేలకముందే, తొలి జల్లుకే గింజ పెడితే మొలక ఎండుతుంది. విత్తనాల ప్యాకెట్ మళ్లీ కొనాలి.