చాలు అను మాట



శ్రావకుని అహింసాణువ్రతమునకు తత్త్వార్థసూత్రము అయిదు అతిచారములు చెప్పినది. కట్టివేయుట, కొట్టుట, అవయవములు కోయుట, మోయలేని బరువు మోపుట, అన్నపానములు ఆపుట. నాలుగవదైన అతిభారారోపణము అనగానే మూటలెత్తిన బండియు, నురుగు కక్కు ఎడ్లును కంటికి కట్టును. లారీలు వచ్చిన తరువాత మన కొట్ల ముందు ఎడ్లబండి అరుదైనది గనుక ఈ దోషము మనకు అంటదని కొందరు నిశ్చింతగా ఉన్నారు. బరువు మూటలోనే ఉండునా? ఆటలోను ఉండును.

1978లో లండనులో జరిగిన క్రఫ్ట్స్ అను పెద్ద కుక్కల ప్రదర్శనలో, విరామవేళ ప్రేక్షకుల వినోదమునకై, గుర్రపు దూకుడు పందెముల మాదిరిగా ఒక కొత్త ఆట చూపిరి. దానిపేరు ఎజిలిటీ. కుక్క అడ్డకఱ్ఱలు దూకవలెను, గొట్టములో దూరవలెను, ఏటవాలు పలకలెక్కి దిగవలెను, ఊగుబల్ల మీద నడవవలెను, వరుసగా నిలిపిన కఱ్ఱల నడుమ పామువలె మెలికలు తిరిగి పోవలెను. యజమాని ప్రక్కన పరుగెత్తుచు చేతితో, నోటితో దారి చూపును. ఇంగ్లండులో 18 నెలలు నిండని కుక్కను పోటీకి దింపరాదని నియమము.

ఇందులో కొరడా లేదు, ముల్లుగఱ్ఱ లేదు. కుక్కకును ఆట ఇష్టమే. మరి దోషమెక్కడ?

మెలిక కఱ్ఱలు నేర్పుచున్న ఒకనిని తలచుకొనుడు. పోటీలలో సాధారణముగా 12 కఱ్ఱలుండును. మొదటి కఱ్ఱ ఎడమ భుజము ప్రక్కన ఉండునట్లు కుక్క లోనికి పోవలెను. ఆరుసార్లు తప్పినది. ఏడవసారి చక్కగా పోయినది. "భేష్! ఇంకొక్కసారి" అనును యజమాని. ఎనిమిదవసారి తప్పును. తప్పుతో ముగించుట ఎట్లని తొమ్మిదవసారి, పదవసారి. ఇంతలో కుక్క నేల వాసన చూచును, ఆవులించును, పెదవులు నాకుకొనును, మొగము త్రిప్పుకొనును. "మొండికేసినది" అని ఆయన విసుగు. మొండితనమా అది? నోరులేని జీవి "చాలు" అని చెప్పుటయే గదా! కుక్కకు మనవలె ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుటయే దానికి చల్లదనము. రొప్పు తగ్గకుండ మరల దింపినచో అది బరువు మోపుట కాక మరేమి?

తప్పినపుడు ఆపనీయనిది మానము, నెగ్గినపుడు ఆపనీయనిది లోభము. రెండవదే బలమైనది, వర్తకులకు వేరుగా చెప్పనక్కరలేదు. బేరము లేనినాడు పెందలకడనే కొట్టు కట్టువారు కలరు గాని, జోరుగా సాగుచుండగా తలుపు మూసినవానిని ఎవరు చూచిరి?

కుక్క తానే ఉత్సాహముగా పరుగెత్తుచున్నది గదా అని కొందరందురు. బోర్డర్ కోలీ వంటివి గొఱ్ఱెల మందలను మళ్లించుటకై తరతరములుగా పెంచబడిన జాతులు. వాటిలో కాలు నొచ్చినను పరుగు మాననివి పెక్కు. ఇష్టము వేరు, శక్తి వేరు. మనస్సుగల పంచేంద్రియజీవి గనుకనే యజమాని మెప్పు కోసము అది అంత తెగించును. కాబట్టి ఆపవలసిన బాధ్యత తాడు పట్టినవానిది.

"మంచితో ముగించు" అని శిక్షకులు చెప్పుదురు. మాట మంచిదే. కాని మంచి వచ్చువరకు ఇరువదిసార్లు త్రిప్పువారును ఉన్నారు! కష్టమైనది రాకున్న ప్రక్కన పెట్టి, బాగుగా తెలిసిన చిన్న దూకుడొకటి చేయించి, మెచ్చుకొని, ఇంటికి తీసికొనిపోవలెను. మిగిలినది మరునాటికి. దీనివలన చదువు చెడదు. 2011లో ప్రకటింపబడిన డెన్మార్కు పరిశోధనలో, వారమునకు ఒకటి రెండుసార్లు నేర్పిన బీగిల్ కుక్కలు, దినదినము నేర్పినవాటికన్న తక్కువ పాఠములతోనే విద్య పట్టుకొన్నవి.

అయితే సరిగా ఎప్పుడు ఆపవలెను? ఆట మధ్యలో ఈ ప్రశ్న వేసికొన్నవానికి లోభమే జవాబు చెప్పును. అందుకే మన పెద్దలు పరిగ్రహమునకు పరిమాణము ముందే వ్రాసికొనిరి. సామాయికమునకు కూర్చొనునపుడే 48 నిమిషములని కాలము నిర్ణయించుకొందుము. కుక్కను మైదానమునకు తెచ్చువాడును ఇంటివద్దనే, మనస్సు నెమ్మదిగా ఉన్నపుడే, పది తినుబండారపు ముక్కలు లెక్కపెట్టి జేబులో వేసికొనవచ్చును. పదకొండవది జేబులో ఉండరాదు. పదవది తిని, తోక ఊపుచు, కుక్క ఇంకను కఱ్ఱలవైపే చూచుచుండగా తాడు తగిలించవలెను.