త్రాసు లేని తీర్పు

యావజ్జీవ కారాగారశిక్షను అనుభవించుచున్నవాడు మరల ఒకని ప్రాణము తీసినచో వానికేమి శిక్ష విధింపవలెను? ఈ ప్రశ్న విన్నవారిలో పలువురు క్షణమైనను ఆలోచింపక "ఉరియే" అందురు. 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతియు అట్లే అన్నది. హత్యకు ఉరి గాని, యావజ్జీవ శిక్ష గాని విధింపవచ్చునని 302వ సెక్షను న్యాయాధిపతికి అవకాశమొసగినది. యావజ్జీవ ఖైదీ విషయమున మాత్రము 303వ సెక్షను ఆ వెసులుబాటును తొలగించి, మరణదండన తప్ప వేరు మార్గము లేకుండ చేసినది.

ఈ సెక్షనుపై పంజాబు రాష్ట్రమునకు ఎదురుగా మిఠూ అను ఖైదీ పేర నడచిన వ్యాజ్యమును, అటువంటి మరికొన్నింటిని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము కలిపి విచారించెను. పాత శిక్ష ఉన్నదను ఒక్క కారణముచేత కొత్త శిక్షను ముందుగానే నిర్ణయించి ఉంచుట న్యాయమా యనునదే అచట తేలవలసిన ప్రశ్న. 1983 ఏప్రిల్ 7న ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్‌తో కూడిన అయిదుగురు న్యాయమూర్తులు 303వ సెక్షను రాజ్యాంగములోని 14, 21 అధికరణములకు విరుద్ధమని ఏకగ్రీవముగా కొట్టివేసిరి.

యావజ్జీవ ఖైదీ అనగానే మన కన్నులయెదుట నరహంతకుడే నిలుచును. కాని దొంగనోట్లు అచ్చువేసినవానికిని, దొంగ దస్తావేజు సృష్టించినవానికిని యావజ్జీవ శిక్ష విధింపవచ్చునని ఆ స్మృతియే చెప్పినది. అట్టివాడొకడు పెరోలుపై ఇంటికి వచ్చెననుకొందము. పొలముగట్టు వద్ద దాయాదులతో తగవు పెరిగి అతడును, అతని తమ్ముడును కర్రలెత్తిరి. చెరియొకని చేతను ఒక ప్రాణము పోయినది. తమ్ముని కథను న్యాయాధిపతి వినును. వయస్సు, రెచ్చగొట్టిన తీరు, పశ్చాత్తాపము, అన్నింటిని తూచును. అన్న కథను వినియు ప్రయోజనము లేదు. ఎన్నడో సృష్టించిన దస్తావేజు అతనిని ఉరికంబమునకు చేర్చును. ఆ కాగితమునకును ఈ కర్రకును సంబంధమేమి?

శిక్షకు ముందు దోషి చెప్పుకొనునది వినవలెనని, మరణదండనకు ప్రత్యేక కారణములు వ్రాయవలెనని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు శాసించినది. 1980లో బచన్ సింగ్ తీర్పు అత్యంత అరుదైన సందర్భములకే ఉరిని పరిమితము చేసెను. 303వ సెక్షను ముందర ఇవన్నియు వట్టిమాటలే. అనంతపురము జిల్లా గుత్తిలో జన్మించిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఆ ధర్మాసనమున సభ్యులు. వారు విడిగా ఒక చిన్న తీర్పు వ్రాసి, దోషియని పలికిన మరుక్షణమే ఈ సెక్షను న్యాయమూర్తి చేతినుండి త్రాసును తీసివేయుచున్నదని అభిప్రాయపడిరి.

మరి జైలు వార్డరు మాటేమి? కారాగార సిబ్బంది రక్షణకే ఈ సెక్షను ఏర్పడినదని చెప్పుదురు. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. రాత్రివేళ తాళపుచెవులు పట్టుకొని ఒంటరిగా తిరుగు వార్డరుకును భార్యాబిడ్డలుందురు. బ్రతుకంతయు జైలుపాలైనవానిని ఇక దేనితో భయపెట్టగలము? అయినను వార్డరును ఘోరముగా చంపినవానికి 302వ సెక్షను క్రిందనే ఉరి విధింపవచ్చును. హింస భరింపలేక తిరుగబడినవాని సంగతి వేరు. ఆ తేడాను కనుగొనుట న్యాయాధిపతి పని. పెరోలుపై వచ్చిన ఖైదీలు ఇతరులకంటె ఎక్కువగా హత్యలు చేయుదురనుటకు లెక్కలేవియు న్యాయస్థానమునకు కనబడలేదు.

పాత నేరమును లెక్కలోనికి తీసికొనవచ్చును. కాని ఒకనాడు బలపము దొంగిలించిన పిల్లవానిని, అటుపై తరగతిలో ఏది పోయినను విచారింపకనే బెత్తముతో కొట్టు పంతులును పిల్లలే మెచ్చరు.

2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 104వ సెక్షనులో ఇట్టి ఖైదీకి ఉరి గాని, సహజ మరణము వరకు కారాగారము గాని విధింపవచ్చునన్నది. త్రాసు తిరిగి వచ్చినది గాని తూనికరాళ్లు రెండే, రెండును మిక్కిలి బరువైనవే.

1983 తీర్పు ఖైదీలను విడిచిపెట్టుమని చెప్పలేదు. వారి వ్యాజ్యములను గుణదోషములనుబట్టి పరిశీలించుటకై వేరొక ధర్మాసనము ఎదుట ఉంచుమని మాత్రము ఆదేశించెను.