అభ్యాసమున ఆదరము

కరాటే నేర్వవచ్చిన వానికి మొదట చెప్పబడునది కొట్టుట కాదు, పిడికిలి పట్టుట. చిటికెనవ్రేలు మొదలుకొని నాలుగు వ్రేళ్లను కొనలనుండి లోనికి ముడిచి, అరచేతిలో ఎడము లేకుండ నొక్కి, బొటనవ్రేలిని వానిపై అడ్డముగా బిగించి, మణికట్టు వంగకుండ నిలిపినప్పుడు గాని అది పిడికిలి కాదు. లక్ష్యమును తాకవలసినవి చూపుడువ్రేలి, నడిమివ్రేలి మొదటి కణుపులు మాత్రమే. శిశువు సైతము ఎవరును నేర్పకయే పిడికిలి బిగించును. అట్టి సహజకృత్యమును పెద్దవాడైన మనుష్యుడు వ్రేలి వెంట వ్రేలుగా మరల నేర్వవలసి వచ్చుటయే ఈ విద్య యందు నన్ను మొదట ఆకర్షించిన విశేషము.

పిడికిలి కుదిరిన పిమ్మట గుద్దు. దాని బలము భుజమున పుట్టదు. వెనుకకాలి మడమ నేలను నొక్కగా పుట్టి, తుంటి తిరుగుటచే నడుమునకెక్కి, చిట్టచివరి క్షణమున చేతికి దిగును. అదే క్షణమున రెండవ చేయి వెనుకకు లాగబడి తుంటి ప్రక్కకు చేరవలెను. ఇంత వ్యవహారమును రెప్పపాటులో జరుగవలెను గనుక, ఒకదానిని మనస్సున పట్టుకొనబోయిన తక్కినవి జారిపోవును. పిడికిలిని తలచుకొన్నవాని మడమ లేచును. మడమను తలచుకొన్నవాని భుజము పైకెగయును. సాయంతనమున నేను అభ్యసించు చోట, మనుమల యీడు పిల్లల సరసన వరుస చివర నిలిచి, గురువుగారు ‘ఇచి, ని, సాన్, షి’ అని జపాను భాషలో లెక్కించుచుండగా అదే గుద్దును ఒకమారు కుడిచేతను ఒకమారు ఎడమచేతను విసరుచుందును. లెక్క పదికి చేరి మరల ఒకటికి వచ్చును. సరళీస్వరములు సాధకము చేసినవారికి ఈ విసుగు కొత్తది కాదు.

అభ్యాసము దృఢమగుటకు పతంజలి యోగసూత్రములయందు మూడు నియమములు చెప్పెను: దీర్ఘకాలము సాగుట, నడుమ తెగకుండుట, ఆదరముతో కూడియుండుట. మొదటి రెండును చాలవా, దినదినమును చేయుచుండిన పని తనంతట తానే ఫలింపదా, ఈ మూడవదాని అవసరమేమి యని ప్రశ్నించుకొన్నప్పుడెల్ల నాకు కరాటే చరిత్రయే సమాధానముగా తోచుచుండును.

ఆ చరిత్రలో ముఖ్యుడైన ఫునకోషి గిచిన్ 1868లో ఒకినావా ద్వీపమునందలి షురి పట్టణమున జన్మించెను. ఆ ద్వీపమున వర్ధిల్లిన ర్యూక్యూ రాజ్యమును జపాను 1879లో పూర్తిగా తనలో కలుపుకొనెను. ఆ దినములలో ఈ విద్య బహిరంగముగా నేర్పబడునది కాదు. యువకుడైన ఫునకోషి రాత్రివేళ లాంతరు పట్టుకొని గురువైన అసాతో గారి యింటికి నడచిపోయి, పెరటిలో ఒకే కటాను మరల మరల చేయుచుండెడివాడు. కటా యనగా ఎదుట లేని ప్రత్యర్థులను ఉన్నట్లే భావించి, నిర్ణీతక్రమమున అడ్డుకొనుచు, గుద్దుచు, తన్నుచు సాగు చలనముల కూర్పు. గురువు మసకవెలుగున కూర్చుండి చూచుచు, ఇంకొకమారు చేయుమనుట తప్ప వివరణమిచ్చుట అరుదు. మెచ్చుకోలు మరింత అరుదు. తెక్కి యను పేర నేడు పిలువబడు మూడు కటాలకే తనకు పదేండ్లు పట్టెనని ఫునకోషి వ్రాసికొనెను. గుఱ్ఱముపై కూర్చున్న భంగిమలో ఒకే గీత వెంట ఎడమకును కుడికిని జరుగుటయే గాని, చూచువారికి అందు చమత్కారమేమియు కనబడదు. ఆ పదేండ్లును ఆయన దేనిని చూచుచుండెను? నా యూహలో, చేయుచున్న చలనమును అది మొదటిసారియే యన్నట్లు చూచుచుండెను. ఆదరమను మాటకు నాకు తెలిసిన యర్థమిది.

ఆ యాదరము పెరటితో ఆగిపోలేదు. 1922లో విద్యాశాఖ జరిపిన ప్రదర్శనమునకై టోక్యోకు వచ్చిన ఫునకోషి, జూడో స్థాపకుడైన కానో జిగొరో ఆహ్వానమున ఆయన జూడో పాఠశాలయైన కొడోకానునందును కరాటేను ప్రదర్శించి, రాజధానియందే నిలిచిపోయెను. వృత్తిచే బడిపంతులై ఏబది దాటిన ఆయన ఒకినావా విద్యార్థుల వసతిగృహమున ఒక గదిలో తలదాచుకొని, పగలు అచటి తోటను ఊడ్చుచు, గదులను శుభ్రపరచుచు, మిగిలిన వేళ శిష్యులకు పాఠము చెప్పుచుండెడివాడు. ఒకనాడు పత్రికావిలేకరి యొకడు వచ్చి, తోట ఊడ్చుచున్న వృద్ధుని చూచి కరాటే గురువు ఎక్కడనున్నాడని అడుగగా, ఆయన లోనికి పోయి మంచి వస్త్రములు ధరించి వచ్చి, ఫునకోషిని నేనే యని వినయముతో పలికెనట. ఈ కథను ఆయన ఆత్మకథలో చదివినప్పుడు నాకు ఆ చీపురు పట్టిన చేయియే ముఖ్యముగా తోచినది. పాఠశాల నేలను తడిగుడ్డతో తుడుచుటయు శిక్షణలో భాగమేయని జపాను గురువులు పట్టుపట్టుట అందులకే కాబోలు.

ఇక ఈ విద్యకు గల రెండవ ముఖము. ఫునకోషికి మరియొక గురువైన ఇతోసు అంకో, ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో ఈ రహస్యవిద్యను ఒకినావా పాఠశాలలలో ప్రవేశపెట్టి, పిల్లలకై పినాన్ అను ఐదు కటాలను కూర్చెను. నేటికిని ప్రారంభకులలో పలువురు నేర్చునవి అవియే. ప్రతి కటాయు దాడితో గాక అడ్డుకొనుటతో ఆరంభమగుట గమనింపదగినది. కాని అదే ఇతోసు 1908లో విద్యాధికారులకు వ్రాసిన లేఖలో, బాల్యమునుండి కరాటే అభ్యసించినవారు సైన్యమునకు మిక్కిలి ఉపయోగపడుదురని చెప్పుచు, నెపోలియనును జయించిన ఆంగ్ల సేనానిని ఉదాహరించెను. పదుగురు బాలురను వరుసలో నిలిపి లెక్కకు సరిగా కదలించు పద్ధతి పెరటికి తగినది కాదు, కవాతు మైదానమునకు తగినది. రెండవ ప్రపంచయుద్ధము ముదిరిన కొలది ఫునకోషి వద్ద శిష్యులు క్రిక్కిరిసిరి. యుద్ధమునకు పోవుచున్నామని సెలవు పుచ్చుకొన్నవారిలో తిరిగి రానివారనేకులు. ఆయన షోతోకాన్ శిక్షణాలయము 1945 వైమానికదాడులలో కాలిపోయెను. ఆ యేటనే ఒకినావా యుద్ధమున షురి నేలమట్టమయ్యెను.

కవాతుకును దీర్ఘకాలము కలదు, నైరంతర్యము కలదు. దానికి లేనిది మూడవది. కవాతున నిలిచినవాడు తన మడమను చూడనక్కరలేదు, ఆజ్ఞను వినిన చాలును. చూడకుండుటయే అచట సుగుణము. ఒకే గుద్దు, ఒకే లెక్క, ఒకే వరుస. కాని ఒకచోట పునరావృత్తి దృష్టిని మేల్కొలుపును, మరియొకచోట నిద్రపుచ్చును. కరాటే స్వభావతః శాంతివిద్య యని కొందరు, స్వభావతః హింసావిద్య యని కొందరు వాదించుట నాకు నచ్చదు. అది చేయువాని మెలకువను బట్టి రెండింటికిని లొంగును. ఈ ప్రమాదము మన సాముగరిడీలకును, ఆ మాటకు వచ్చిన వల్లెవేయు ప్రతి చదువునకును కలదు.

పిల్లలను కరాటేకు పంపవచ్చునా యని నన్నడుగు తల్లిదండ్రులతో, పట్టీల రంగులను గాని గోడనున్న పతకములను గాని చూడవలదని చెప్పుచుందును. రంగుపట్టీల యేర్పాటు జూడోనుండి వచ్చినది, శిష్యుని స్థాయిని తెలుపుటకు మాత్రమే ఉపకరించును. ఒక సాయంకాలము గోడవార కూర్చుండి గురువును గమనింపుడందును. లెక్క జోరుగా సాగుచుండగా చివరి వరుసలో ఒక పిల్లవాని మడమ లేచినచో, ఆయన లెక్క ఆపి అంతవరకు నడచిపోయి, వంగి ఆ పాదమును సరిచేయునా, లేక ఇంకను బిగ్గరగా ‘షి, గో, రొకు’ అనునా?