దగ్గరంటే ఎంత దూరం?

మా మార్కాపురం వైపు ఇల్లు అద్దెకు చూసుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది గదులెన్ని అని కాదు, నీళ్లు ఎట్లా అని. కుళాయి ఎన్నాళ్లకొకసారి వస్తుంది, బోరు నీళ్లు వాడుకకు పనికొస్తాయా, ట్యాంకరు ఈ సందులోకి తిరుగుతుందా, తాగే నీళ్ల క్యాను మేడమీదికి మోసిస్తారా - ఇవన్నీ తేలాక గానీ వంటింట్లో అలమర్ల సంగతి రాదు. ఫ్లోరైడు నీళ్లు తాగి పళ్లూ ఎముకలూ పాడైన మనుషుల్ని కళ్లారా చూసిన ప్రాంతం మాది. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు కోసం ఎదురుచూస్తూనే ఒక తరం పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కన్నది. కనక నీళ్ల ప్రశ్న ముందు రావడంలో వింతేమీ లేదు.

రెండో ప్రశ్న, బజారూ బస్టాండూ ఎంత దూరం అని. దీనికి మాత్రం ఏ ఇంటాయన అయినా ఒకటే జవాబు చెప్తాడు. "ఎంత దూరమమ్మా! బండి మీద అయిదు నిమిషాలు."

ఈ అయిదు నిమిషాల లెక్క నాకు ఎప్పుడూ కొరుకుడు పడలేదు. ఎవరి బండి మీద? ఆ బండి ఏ వేళప్పుడు ఇంట్లో ఉంటుంది? నాకు తెలిసిన మధ్యతరగతి ఇళ్లలో సాధారణంగా ఉండేది ఒక్క బండి. అది ఉదయం తొమ్మిదింటికి ఇంటాయనతో పాటు గడప దాటితే మళ్లీ చీకటి పడ్డాకే దాని మొహం చూడటం. ఆ మధ్యలో ఉన్న పది పన్నెండు గంటలూ ఇల్లు బజారుకు అయిదు నిమిషాల దూరంలో ఉండదు. అయిదు నిమిషాల దూరం బండితో పాటే వెళ్లిపోతుంది. మిగిలిన దూరం ఇంట్లో ఉన్నవాళ్లది. కొత్తిమీర కట్ట మరిచిపోయిన ఇల్లాలిది, జ్వరమొచ్చిన పిల్లాడిది, మోకాళ్ల నొప్పులతో శనివారం గుడికి వెళ్లాలని ఆశపడే అత్తగారిది.

మా అక్క కూతురు ఈ మధ్య ఇలాంటి సందిగ్ధంలోనే పడింది. అల్లుడికి ఇక్కడికి బదిలీ అయింది. నాలుగేళ్ల పిల్ల, వాళ్లతోనే ఉండే అత్తగారు. రెండిళ్లు చూశారు. ఒకటి ఊరి బయట, రోడ్డు పక్కన కొత్తగా వేసిన వెంచరులో. రెండు పడగ్గదులు, కారు పెట్టుకునేంత జాగా (కారు లేదనుకోండి), నాలుగు వైపులా గాలి. రెండోది పాత ఊళ్లో, చెన్నకేశవస్వామి గుడికి రెండు వీధుల అవతల, పాతకాలపు ఇంటి మేడమీద పోర్షను. గదులు ఇరుకు, మెట్లు నిటారు. కిందికి దిగితే మాత్రం పాలు, కూరలు, మందుల షాపు, పిల్ల బడి అన్నీ కాలినడకే.

"ఆయన లెక్కలో కొత్తిల్లే మేలంట పిన్నీ" అంది. "అద్దె కూడా పెద్ద తేడా ఏం లేదంట. నాకేమో పొద్దస్తమానం ఆ ఇంట్లో ఏం చెయ్యాలో తెలవటంల్యా. కిటికీలోంచి చూస్తే కంపచెట్లు తప్ప మనిషి కనపడడు."

అల్లుడి లెక్క తప్పని నేననను. గాలీ వెలుతురూ పిల్లలకు అక్కర్లేదా? పక్కనే నాలుగు సెంట్ల ప్లాటు కొనిపెట్టుకుంటే పదేళ్లకు పిల్ల చదువుకు అక్కరకొస్తుందనీ అతని ఆలోచన. కానీ అతను తన లెక్కలో రోజుకు రెండుసార్లు వెళ్లి వచ్చే తన దూరాన్ని వేసుకున్నాడు. అదీ పెట్రోలు ఖర్చు కింద. భార్య దూరానికి ఏ పద్దూ లేదు. ఆవిడ ఆటోకు ఇచ్చే డబ్బులు ఇంటి ఖర్చులో కలిసిపోతాయి. ఆటో దొరక్క పోవడం మానుకున్న పనులు ఏ ఖర్చులోనూ కనపడవు. వెళ్లని పేరంటం, చూపించుకోని పంటినొప్పి, రాసుకుందామనుకుని వదిలేసిన బి.ఇడి. పరీక్ష - వీటికి రసీదులుండవు కదా!

ఇక్కడ నాకు తోచే ధర్మసందేహం ఏమిటంటే, ఒకరు ఎంచుకున్న దూరాన్ని ఇంకొకరు నడవడం న్యాయమేనా? సంసారంలో ఒకరి నిర్ణయం అందరిమీదా పడక తప్పదు, నిజమే. కూర ఎవరు ఎంచినా అందరూ తింటాం. కానీ కూర రేపటికి మారుతుంది. ఇల్లు ఎక్కడ అన్నది మారాలంటే ఏళ్లు పడుతుంది, ఒక్కోసారి వంద ఏళ్లు.

వంద ఏళ్లన్నది అతిశయోక్తి కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో గుంటూరు నించి నంద్యాల మీదుగా గుంతకల్లుకు మీటరు గేజి లైను వేసినవాళ్లు తమ సర్వేకు అనుకూలమైన దారి చూసుకున్నారు. మార్కాపురం స్టేషను ఊరికి చాలా ఎడంగా, తర్లుపాడు దారిలో పడింది. అందుకే దాని పేరు మార్కాపూర్ రోడ్ అయింది. 'ఊరు కాదు, ఊరికి పోయే రోడ్డు' అని పేరులోనే ఒప్పేసుకున్నారన్నమాట! 1990లలో లైను బ్రాడ్‌గేజి అయింది గానీ స్టేషను దగ్గరికి జరగలేదు. పసిపిల్లను చంకనేసుకుని రాత్రి బండి దిగిన మనిషి, ఎప్పుడో పోయిన ఆ ఇంజనీర్ల లెక్కకు ఇప్పటికీ ఆటో బాడుగ కడుతోంది. గిద్దలూరు వాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. స్టేషను ఊరికి అంటుకునే ఉంది. దిగువమెట్ట దాటి నల్లమల అడవిలోంచి వెళ్లి నంద్యాలలో డాక్టరుకు చూపించుకుని వచ్చే ఆడవాళ్లు ఆ బండిని సొంత బండిలాగే చెప్పుకుంటారు.

ముందుతరం చేసిన ఎంపికలన్నీ మనకు భారమే అనీ అనలేం. గుండ్లకమ్మకు అడ్డంగా కంభం చెరువు కట్టించింది గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ అని చెబుతారు. రెండు కొండల మధ్య సందు చూసి అక్కడే కట్ట వేయించినవాళ్ల చూపు వల్ల అయిదు వందల ఏళ్లుగా ఎందరి పొలాలకో నీళ్లు దగ్గరయ్యాయి.

పోయిన సంవత్సరం, 2025 ఆగస్టు 15న, స్త్రీశక్తి పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కూలికి పోయేవాళ్లకూ కాలేజీ పిల్లలకూ అది ఎంత పెద్ద సంగతో చెప్పనక్కర్లేదు. ఒంగోలు దాకా వంద కిలోమీటర్లు దగ్గర దగ్గర, పైసా లేకుండా పోవచ్చు. బస్టాండు దాకా పోవాలంటేనే డబ్బులు కావాలి! ఊరి బయట కాలనీలో ఉన్న మనిషికి ఆ మొదటి రెండు మూడు కిలోమీటర్లే అసలు ప్రయాణం. బస్సు ఎక్కాక ఊరు దాటడం ఏముంది, కిటికీ పక్కన కూచోవడమే.

అమెరికాలో జేన్ జేకబ్స్ అని ఒకావిడ ఉండేది. ముగ్గురు పిల్లల తల్లి, కాలేజీ పట్టా కూడా లేదు. న్యూయార్కులో హడ్సన్ స్ట్రీట్‌లో కాపురం. ఇంటి ముందు వీధిని చూసి చూసి 1961లో ఒక పుస్తకం రాసి, పట్నాలకు ప్లాన్లు గీసే మహామహుల్ని నిలబెట్టి అడిగేసింది. వీధిని కాపాడేది పోలీసులు కాదు, కొట్టు దగ్గర కూచున్నవాడూ కిటికీలోంచి తొంగిచూసే ముసలమ్మా బడికి పిల్లల్ని తీసుకుపోయే తల్లీ - వీళ్ల కళ్లే వీధికి కాపలా అంది. చదివినప్పుడు నాకు మన అరుగులు గుర్తొచ్చాయి. ఈవిడకు పుస్తకం రాసి చెప్పాల్సి వచ్చింది గానీ మా నాయనమ్మ అరుగు మీద కూచుని ఇదంతా ఉచితంగానే చెప్పేది కదా అనుకున్నాను. మార్కాపురం పాత వీధుల్లో అయిదేళ్ల పిల్ల ఒంటరిగా కొట్టుకు వెళ్లి చింతపండు తెచ్చేదంటే, దారి పొడుగునా ఆ పిల్ల పేరు తెలిసిన పదిమంది కళ్లున్నాయి కాబట్టే.

పారిస్‌లో కూడా ఇప్పుడు అదే గొప్ప. కార్లోస్ మోరెనో అనే ప్రొఫెసరు, మనిషికి కావలసినవన్నీ నడకలోనో సైకిలు మీదో పావుగంటలో అందాలన్నాడు. అప్పటి మేయరు ఆన్ హిడాల్గో 2020 ఎన్నికల్లో దాన్నే పట్టుకుంది. పలకల వ్యాపారం బాగా నడిచిన రోజుల్లో మార్కాపురంలో పావుగంట దాటి నడిచినవాళ్లెవరు? పని, బజారు, గుడి, బడి అన్నీ పక్కపక్కనే. కాకపోతే పలక కోసిన దుమ్ము కూడా పక్కనే ఉండేది, దాన్ని పీల్చిన ఊపిరితిత్తులూ ఉండేవి. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి పావుగంట నడక అంటే ఏమిటో ఆ ప్రొఫెసరుగారు ఒకసారి వచ్చి చూడాలి. మాకు దూరాన్ని నిమిషాల్లో కాదు, నీడల్లో కొలవాలి. దారిలో వేపచెట్టు ఎన్నిచోట్ల ఉంది అని.

అరుగు మీది కళ్ల గురించి ఇంకో మాట చెప్పకపోతే నేను సగమే చెప్పినట్టు. ఆ కళ్లు పిల్లను కాపాడతాయి, కోడల్ని లెక్క రాస్తాయి. ఎన్నింటికి పోయింది, ఎవరితో మాట్లాడింది, చీర కొత్తదా పాతదా. నాకు తెలిసిన ఒక టీచరమ్మ ఉంది. పాత ఊళ్లో ఇల్లు వెతుక్కుంటూ మూడు వారాలు తిరిగింది. అన్నిచోట్లా ఇల్లు చూపించారు, మంచినీళ్లిచ్చారు, అద్దె చెప్పారు. తర్వాత నెమ్మదిగా "మీరేమిట్లు?" అన్నారు. చెప్పగానే ఒకరి తమ్ముడు అమెరికా నించి వచ్చేస్తున్నాడు, ఒకరింట్లో సున్నం వేయించాలి, ఒకరు ఇల్లు అమ్మేస్తున్నారు. చివరికి ఆవిడ ఊరి బయట కాలనీలో ఇల్లు తీసుకుంది. రోజూ బడికి నలభై నిమిషాలు, సగం నడక, సగం షేర్ ఆటో.

"దూరమే మేడం" అంది నాతో. "కానీ ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగలా. అడ్వాన్సు ఇచ్చాను, తాళం ఇచ్చారు."

ఆ మాట విన్నాక నడిచి వెళ్లగలిగే ఊరును గురించి ఊరికే మురిసిపోవడం నా వల్ల కాలేదు. పూర్వం నుంచీ కొందరి పేటలు ఊరికి ఎడంగానే ఉన్నాయి. బావి దగ్గరికీ బడి దగ్గరికీ వాళ్లు నడిచిన దూరం వాళ్లు ఎంచుకున్నది కాదు. మన వీధి మనకు దగ్గరగా ఉందంటే కొంత మన పూర్వుల అదృష్టం, కొంత ఇంకొకరిని దూరంగా ఉంచడం. కొత్త వెంచరుకు చెట్టూ లేదు, బస్సూ లేదు గానీ ఆ ఒక్క విషయంలో అది పాత ఊరి కంటే నాగరికమైనది. ఈ గుణం దానికి వచ్చింది డబ్బు వల్లే తప్ప మంచితనం వల్ల కాదనుకోండి. అయినా తాళం చేతికి వచ్చిన మనిషికి ఆ తేడాతో పనేముంది?

మా అక్క కూతురికి నేను ఒకటే చెప్పాను. ఆదివారం సాయంత్రం అల్లుడి బండి మీద వెళ్లి చూడటం కాదు, మంగళవారం మధ్యాహ్నం మూడింటికి బండి లేకుండా, పిల్లనూ అత్తగారినీ వెంటబెట్టుకుని రెండిళ్ల నించీ బజారుకు వెళ్లి రండి, అల్లుణ్ణి కూడా రమ్మను, అన్నాను. పాపం అతను సెలవు పెట్టి మరీ వచ్చాడు. కొత్త ఇంటి నించి సగం దారిలోనే పిల్ల ఎత్తుకోమంది. అత్తగారు మైలురాయి మీద కూచుంది. పాత ఇంటి దగ్గర నడక హాయిగా సాగింది గానీ, తిరిగొచ్చాక ఆ నిటారు మెట్ల ముందు ఆవిడ చాలాసేపు నిలబడిపోయిందిట. "కింద పోర్షను ఎవరిది?" అని అడిగిందట. తాళం వేసి ఉంది.

అదే నన్ను ఇప్పుడు ఎక్కువగా పట్టుకున్న విషయం. పాత ఊళ్లో ఎటు చూసినా తాళాలే. పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో, ఇంకా దూరం పోయినవాళ్లు డల్లాస్‌లోనో. తల్లిదండ్రులు ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు ఇక్కడ. ఊరి నడిబొడ్డున బడికీ గుడికీ బస్టాండుకూ దగ్గరగా ఉన్న ఇళ్లు పావురాలకు వదిలేసి, పసిపిల్లలున్న సంసారాలను కంపచెట్ల మధ్యకు పంపిస్తున్నాం. సొంత ఇల్లు, మా ఇష్టం అంటారు. ఇష్టమే, కాదనను. కానీ కరువులో ధాన్యం పాతరేసుకున్నవాణ్ణి మన పెద్దలు సొంత ధాన్యమే కదా అని ఊరుకోలేదు.

మేడమీద పోర్షను ఇంటావిడ నాకు వరసకు అత్తయ్య అవుతుంది. కింద భాగం ఎవరికైనా ఇవ్వకూడదా అని వెళ్లి అడిగాను, మా పిల్ల కోసమే కాదు, ఆ టీచరమ్మ కూడా మనసులో ఉంది.

"ఇవ్వకేం! తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పు" అంది.

"తెలిసినవాళ్లంటే ఎవరత్తయ్యా?" అన్నాను.

ఆవిడ తాళాలగుత్తి బొడ్లో దోపుకుంటూ లేచింది. "ఎండలో పడి వచ్చావు, మజ్జిగ తాగి పోదువు గాని, కూచో" అంది.